తెల్దు బాబూ

మా సబ్బవరంలో ఇప్పుడు లా యూనివర్సిటీ ఉంది. 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు దానికి. మనోడే. ఆ గోడ పక్కనించి పోయినప్పుడల్లా మా అయ్య గుర్తొస్తాడు.

నాకు పదేళ్లప్పుడు కామందు నూతి మీద మోటారు పోయింది. తిన్నగా మా పేటకే వచ్చారు. అయ్యని టేసనుకి ఈడ్చుకుపోయారు. రెండు రాత్రులు. గంజి కేరేజీ పట్టుకుని అమ్మా నేనూ బయట చింతచెట్టు కింద కూచున్నాం. లోపల్నించి ఒకటే మాట, "తెల్దు బాబూ". తర్వాత అదీ లేదు. "నోరిప్పవేట్రా? అయితే నువ్వే తీసేవు!" అని ఎవడిదో అరుపు. వొదిలేశాక కూడా అయ్య ఎడంచెయ్యి పైకి లేవలేదు, చచ్చేదాకా.

ఊళ్లో కామందు ముందు మాటాడితే పొగరు. టేసన్లో మాటాడకపోతే నేరం. మా నోటికి తాళం, తాళంచెవి రెండూ వాళ్ల దగ్గరే.

చదువుకున్నాక రాజ్యాంగంలో 20(3) చూశాను. నేరం మోపిన మనిషిని తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చెయ్యకూడదట. ఈ రక్షణ పోలీసు విచారణలోనూ ఉందని 1978లో నందిని సత్పతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి, అడగ్గలిగింది. మా అయ్యకి చెప్పేదెవరు? 2007లో ఆయేషా మీరా హత్య జరిగితే మరుసటేడు సత్యంబాబు అనే దళిత కూలీ కుర్రాణ్ణి పట్టుకుని, ఒప్పుకున్నాడన్నారు పోలీసులు. ఇతను కాదని ఆ పిల్ల కన్నవాళ్లే మొత్తుకున్నారు. హైకోర్టు నిర్దోషి అనేసరికి 2017 వచ్చింది. ఎనిమిదేళ్ల జైలు ఎవరి ఖాతాలో?

అయితే 1991 చుండూరు తలుచుకుంటే, ఎనిమిది మందిని నరికిన కేసులో ముద్దాయిల నోళ్లు పెకలించి నిజం కక్కించాలనిపిస్తుంది నాకు. మీకూ అనిపించే ఉంటుంది. కానీ అందుకు లాఠీ ఎవడి చేతికివ్వాలి? మా అయ్య చెయ్యి విరిచినవాడికేగా.

ఇంకోటి చెప్పాలి. పోయే ముందు అయ్య అమ్మతో అన్నాడు: ఆ రాత్రి మోటారు బండికెక్కించింది కామందు అల్లుడే, తను కళ్లారా చూశాడట. "చెప్తే పేట ఉంచుదురా?" అన్నాడట.

అంటే తెలిసే "తెల్దు" అన్నాడు. ఇది విని లా చదివే మా మేనల్లుడు, "అది అబద్ధం కాదేటి మావా?" అన్నాడు. వాడికి అమ్మే జవాబు చెప్పింది. "ఆ రెండు రాత్రులూ మీ తాతకి ఉన్నది అదొక్కటేరా."