భయము ఎచ్చట పుట్టును?

బాపట్లలో వెలసిన స్వామికి భావనారాయణుడని పేరు. ఆయన పేరనే ఊరు భావపురి యైనదనియు, అదియే బాపట్లగా మారినదనియు పెద్దలు చెప్పుదురు. పేరులోనే భావమును నిలుపుకొన్న స్వామి సన్నిధిని, భావము ఎట్లు పుట్టునో విచారించుట యుక్తమే.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచివేసినది. రేపల్లె, బాపట్ల ప్రాంతముల తీరగ్రామములను కూడ విడువలేదు. నాడు పసివారైన వారికి నేడు ఏబదియేండ్లు దాటినవి. కార్తికమాసమున సముద్రపు గాలి హోరెత్తినంతనే వారిలో కొందరికి నేటికిని మేను వణకును, గొంతు తడియారును. అదే గాలికి తెనాలిలోని బంధువు తలుపు గడియ వేసికొని నిద్రించును. పైగా, "రోజూ సహస్రనామం చదువుతావు గదా పిన్నీ, ఇంకా భయమెందుకు?" అనును. ఆ మాట గుచ్చుకొనును. భక్తి చాలకనే భయము కలుగుచున్నదా?

పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులును దీనిని చర్చించిరి. అమెరికా దేశీయుడైన విలియం జేమ్స్ 1884లో లోకుల తలంపును తలక్రిందు చేసెను: భయపడి వణకుట కాదు, వణకును ఎరుగుటయే భయమనెను. 1927లో వాల్టర్ కానన్ దీనిని ఖండించెను. గుండెదడ కోపమందును భయమందును ఒక్కటియే కదా, దానినిబట్టి ఏది ఏదో ఎట్లు తెలియును? 1962లో షాక్టర్, సింగర్ అనువారు రెంటిని కలిపిరి. శరీరము కదలును, ఆ కదలికకు మనస్సు అర్థము చెప్పును, రెండును కూడినప్పుడే భావము. వారి ప్రయోగము తరువాతివారికి అట్లే ఫలింపలేదు కనుక దీనిని తుదిమాటగా గైకొనరాదు. అయినను మేని వణకు వేరు, మనస్సు చెప్పు అర్థము వేరు అను విభాగము మనకు పనికివచ్చును.

గీత రెండవ అధ్యాయమున క్రోధము పుట్టు క్రమమును చెప్పుచు స్వామి విషయచింతనతో మొదలిడెను. చింతన వలన సంగము, సంగము వలన కామము, కామము వలన క్రోధము. మేని వణకును అందు లెక్కింపలేదు. విశ్వరూపమును చూచి అర్జునుడంతటివాడు, స్వామికి సఖుడే, వణకెను, కంఠము గద్గదమయ్యెను. నీ భక్తి ఏమైనదని స్వామి అడుగలేదు. వ్యథ వలదని పలికి, సౌమ్యరూపమును మరల చూపి ఓదార్చెను.

ఆ పిన్ని వణకు దేహము మరువని ఉప్పెన. తుఫాను కబురు అందినంతనే, గాలి ముదరకమునుపే తెనాలి బంధువు రేపల్లె రైలు ఎక్కి, ఆమెను తన యింటికి తోడ్కొని రావచ్చును. ఆ రాత్రి ఆమె గొంతు ఏ నామము వద్ద ఆగునో, అచ్చటి నుండి తాను అందుకొనవచ్చును.