కిలోమీటర్ల లెక్కలో లేని నడక

ఒక పెద్ద ఊళ్లో 400 రేషను కార్డులున్నాయనుకుందాం. 12 కిలోమీటర్ల దూరాన నల్లమల అంచున 20 కార్డుల చెంచు గూడెం. చౌకడిపో ఒక్కటే పెట్టగలం. ఎక్కడ పెట్టాలి?

ఊళ్లో పెడితే గూడెంవారి నడక, పోయేదారే, మొత్తం 240 కిలోమీటర్లు. ఊరివారికి నడకే లేదు. నడిమధ్యన పెడితే ఎవరూ 6 కిలోమీటర్లకు మించి నడవరు గాని, అందరి నడకా కలిపి 2,520 అవుతుంది. అడవిలో డిపో ఏమిటని నవ్వవచ్చు. కాని మొత్తాన్ని తగ్గించాలంటే మొదటిది, అందరికన్నా దూరాన ఉన్నవాడి బాధ తగ్గించాలంటే రెండవది సరైన జవాబు. ఏది తగ్గించాలో మనం చెప్పిన తర్వాతే గణితం నోరు విప్పుతుంది.

యీ సంగతి మరిచి అధికారులు "శాస్త్రం తేల్చింది" అంటారు. మన మిత్రులు కొందరేమో ఇదంతా కంపెనీల విద్య అని కొట్టిపారేస్తారు. అదీ పొరపాటే. దీనికి పునాది వేసినవారిలో ఒకడు సోవియట్ గణితజ్ఞుడు కాంతరోవిచ్. ప్లైవుడ్ యంత్రాలకు పని పంచే సమస్య నుంచి 1939లో రాబట్టాడు. ఆయన లెక్కలో తేలే విలువలు శ్రమ విలువ సిద్ధాంతానికి పొసగవని స్వదేశపు పండితులే చాలాకాలం అనుమానించారు. 1975లో ఆయనకు, కూప్‌మన్స్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

మన దగ్గరికి వద్దాం. గోదాము నుంచి డిపోకు లారీదారి తగ్గించే 'అన్నచక్ర'ను కేంద్రం 2024 డిసెంబరులో ప్రారంభించింది. ఏటా సుమారు 250 కోట్ల రూపాయలు మిగులుతాయన్నారు. మంచిదే. కాని ఆ లెక్క డిపో గుమ్మం దగ్గర ఆగిపోతుంది. మన రాష్ట్రంలో 2021 జనవరిలో 9,260 బండ్లు ఇంటింటికీ రేషను అంటూ బయల్దేరాయి. ఖర్చు ఎక్కువనీ, బియ్యం దారి మళ్లుతోందనీ 2025 జూన్ 1 నుంచి వాటిని మాని మళ్లీ డిపోలకే వచ్చారు. ఆ బండ్లను వెనకేసుకు రావటం నా ఉద్దేశం కాదు. పద్దు ఎలా రాస్తున్నారన్నదే నా ప్రశ్న. బండి గూడేనికి పోయిరావటం 24 కిలోమీటర్లు. ఇరవై కుటుంబాలు ఊరికి నడిచి రావటం 480. మొదటిది సర్కారు ఖర్చు. రెండవది ఏ పద్దులోనూ లేదు.

సరే, నడకకూ ధర కట్టి కలుపుదామంటారా? కూలిరేటును బట్టి కడతారు. అప్పుడు దోర్నాల కూలిమనిషి గంట ఒంగోలు గుమాస్తా గంటకన్నా చవక అవుతుంది. బీదవాణ్ణి నడిపించటమే మేలని లెక్కే చెబుతుంది!

అందుచేత నడకను ఖర్చుగా కాక హద్దుగా పెట్టాలంటాను: ఏ కుటుంబమూ రెండు కిలోమీటర్లకు మించి నడవరాదు. ఆ హద్దుకు లోబడి లారీల ఖర్చు ఎంతైనా తగ్గించుకోండి. కాంతరోవిచ్ పద్ధతిలో ఇంకో సదుపాయముంది. హద్దును కొంచెం సడలిస్తే ఎంత మిగులుతుందో ఆ లెక్కే చూపుతుంది. అంత సొమ్ము పెట్టలేమనేవాడు ఆ అంకె చెప్పి, గూడెంలో నిలబడి అనాలి.

ఇప్పుడూ ఒక హద్దు ఉన్నది: 65 యేళ్లు నిండినవారికి, వికలాంగులకు సరుకు ఇంటికే. అరవైనాలుగేళ్ల అవ్వ నడవగలదని ఎవరు, ఏ లెక్కన తేల్చారు?