చూపు నిలవాల్సిన చోటు

నంద్యాల నుంచి సుమారు 40 కిలోమీటర్లు వెళితే ఆళ్లగడ్డ. రాతి శిల్పాలకు పేరున్న ఊరు. పనిలో ఉన్న శిల్పి కళ్లను కాసేపు గమనించండి. సుత్తి దెబ్బ పడేది ఉలి తల మీద. చూపు మాత్రం మొన రాయిని తాకే చోటే. అది తప్పితే విగ్రహానికి ముక్కు పోయినట్టే.

పూల్ ఆటలోనూ అంతే. గురి కుదిరేదాకా చూపు తెల్ల బంతికీ, కొట్టాల్సిన బంతికీ మధ్య తిరగొచ్చు. క్యూ కర్ర ముందుకు కదిలే క్షణంలో మాత్రం చూపు రెండో బంతి మీదే, తెల్ల బంతి తగలాల్సిన చోటే నిలవాలని చాలామంది శిక్షకులు నేర్పుతారు. ఆట మొదలుపెట్టే బ్రేక్ కొట్టేటప్పుడు కొందరు తెల్ల బంతినే చూస్తారు, అదీ సబబే.

ఈ సాయంత్రం క్యారమ్స్ ఆడితే, స్ట్రయికర్‌ను వదిలి కాయిన్‌నే చూస్తూ కొట్టి చూడండి.