పేరు తెలియని క్రిమి

జబ్బుకు కారణమేదో తెలియకుండా వైద్యుడు మందు ఇవ్వవచ్చునా? తీవ్రమైన నిమోనియాతో ఊపిరి అందక ఒక మనిషి మంచం మీద ఉన్నప్పుడు ఈ ప్రశ్న అడిగేవాణ్ణి ఎవరైనా విసుక్కుంటారు. ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. ఒక పూట ఆలస్యమైతే మనిషి దక్కడు. నన్ను వేధిస్తున్నది ఆ మొదటి పూట కాదు, ఆ తరువాతి రోజులు.

1930ల వైద్యుడికి ఈ వెసులుబాటు లేదు. అప్పటి చికిత్స సీరం. న్యూమోకాకస్ అనే క్రిమిలో ఎన్నో రకాలున్నాయి. ఒక రకానికి తయారైన సీరం మరొక రకానికి పనిచేయదు. అందుచేత రోగి తెమడ తీసి, ఏ రకమో తేల్చుకుని సూది వేయవలసి వచ్చేది. తరువాత సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చాయి. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్; ఆ పరిశోధనను నడిపించినవాడు భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అనేక జాతుల క్రిముల మీద పనిచేసే మందు అది. క్రిమి పేరు తెలియకపోయినా రోగిని బతికించడం దానితో సులువైంది. గర్వంగా చెప్పుకోవలసిన సంగతే. అయితే ఆ సౌలభ్యం వెంట, తెలుసుకోనక్కరలేదనే అలవాటు కూడా వచ్చి కూర్చుంది.

మా బావగారికి హోసూరులో నిమోనియా ముదిరి, ఊపిరి యంత్రం పెట్టవలసి వచ్చింది. తెమడను కల్చర్‌కు పంపారు. ఏమీ పెరగలేదు. అంతకు ముందే వాడిన మందుల వల్ల పెరగకపోవచ్చునన్నారు. రెండు బలమైన మందులు పది రోజులు నడిచాయి. బావగారు లేచి ఇంటికి వచ్చారు. ఏ క్రిమి పడేసిందో, ఏ మందు లేపిందో ఎవరికీ తెలియదు. నేనా మాట ఎత్తితే మా అక్కయ్య, "మనిషి దక్కాడు గదరా, ఇంకేం కావాలి?" అంది. ఆమె స్థానంలో ఉంటే ఎవరైనా అదే అంటారు. ఇది అరుదైన సంగతీ కాదు. అమెరికాలో నిమోనియాతో ఆసుపత్రుల్లో చేరిన 2,259 మంది పెద్దలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, 62 శాతం మందిలో ఏ క్రిమీ దొరకలేదు.

ఇప్పుడు జన్యువులను చదివి క్రిమిని పట్టే పద్ధతి వచ్చింది. జన్యువు డి.ఎన్.ఏ.తో చేసినదని 1944లో ఏవరీ బృందం తేల్చింది న్యూమోకాకస్ మీద ప్రయోగాలు చేసే. ఆ అక్షరాలతోనే ఇప్పుడు ఆ క్రిమి దొరికిపోతున్నది. తెమడలో ఉండే డి.ఎన్.ఏ.లో అత్యధిక భాగం రోగిదే. ఇంగ్లండు పరిశోధకులు సపోనిన్ అనే పదార్థంతో మనిషి కణాలను పగలగొట్టి, వాటి డి.ఎన్.ఏ.ను తొలగించి, మిగిలినదాన్ని అరచేతిలో పట్టే యంత్రంతో చదివారు. కల్చర్‌కు రెండు మూడు రోజులు పట్టే పని ఆరు గంటల్లో ముగిసింది. 2019లో వారు ప్రకటించిన లెక్క ప్రకారం, కల్చర్ చూపిన క్రిములను ఈ పద్ధతి 96.6 శాతం పట్టుకుంది. కాని, లేనప్పుడు లేదని చెప్పడంలో దాని నిర్దిష్టత 41.7 శాతమే. కల్చర్ చూపని పేర్లను కూడా అది చూపింది. ఇతర పరీక్షలతో సరిచూసిన తరువాతగాని లెక్క కుదరలేదు.

నాకు ఆసక్తి ఇక్కడే. కల్చర్ మౌనంగా ఉండిపోతుంది. ఈ యంత్రం అతిగా మాట్లాడుతుంది. ఆరోగ్యవంతుల గొంతులోనూ న్యూమోకాకస్ కాపురముంటుంది. చోటులో కనబడినంత మాత్రాన నేరం చేసినట్టా? ఊళ్ళో దొంగతనం జరిగితే ముందుగా పరాయి భాషవాణ్ణి నిలదీసే న్యాయం మన పూర్వులు చూసే ఉంటారు! మందుకు లొంగని గుణాన్నిచ్చే జన్యువు కనబడినా, అది జబ్బు చేసిన క్రిమిదా, పక్కనే ఉన్న అమాయకపు క్రిమిదా అన్నది వేరే విచారణ. కనుక ఈ పరీక్ష వైద్యుడి వివేచనను తగ్గించదు. దానికి పని పెంచుతుంది.

అయినా నేను ఈ పరీక్ష పక్షమే. 2019 ఒక్క సంవత్సరంలోనే, మందులకు లొంగని క్రిముల వల్ల ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. అక్కరలేని మందు ఒక రోగికి పది రోజులు నడిస్తే, దాని మూల్యం తరువాత ఆ మంచం మీదికి వచ్చేవాడు చెల్లించవచ్చు. అతని ముఖం మనకు తెలియదు, అతని తరపున అక్కడ మాట్లాడే అక్కయ్యా ఉండదు. ఎదుట ఉన్న రోగికి ద్రోహం చేయమని నేననడం లేదు. మొదటి పూట ఉన్న మందులన్నీ ఇవ్వండి; ఆరు గంటలకో, మర్నాటికో పేరు తెలిసినప్పుడు అక్కరలేనిదాన్ని ఆపండి అంటున్నాను. మొదలుపెట్టడం కన్న ఆపడం కష్టం. ఆపిన తరువాత ఏదైనా జరిగితే నింద వైద్యుడిది. ఆపకపోతే ఎవరూ ఏమీ అడగరు.

ఖర్చు మాటా ఉంది. ఈ ఫలితంలో సగం తరువాత వచ్చేవారిది. అలాంటప్పుడు బిల్లంతా మంచం మీదున్నవాడి మీద వేయడం నాకు న్యాయంగా తోచదు. అది ఆసుపత్రో, సర్కారో భరించవలసినది. లేకపోతే డబ్బున్నవారి క్రిములకే పేర్లుంటాయి, తక్కినవారికి రెండు మందులూ పది రోజులూ యథాప్రకారం నడుస్తాయి.