మొదటి కొమ్మ

పత్తి ఏరు దినములలో ఒక ఆదివారము, బోథ్ ప్రాంతమందలి చిన్న సంఘములో ఆరాధన జరుగుచుండగా ఒక తల్లి కన్నులు తిరిగి కూలబడెను. నీళ్లు చల్లి లేపి అడుగగా, ఇంటిల్లిపాదికి వండిపెట్టి తాను ముందటి రాత్రినుండి ఏమియు తినలేదని తెలిసినది. నేను మందలించితిని. ఆమె, "అందరు తిన్నంకనే నేను తింట అయ్యగారూ. ముందుగాల నేను తింటే స్వార్థం గాదా?" అనెను. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ప్రియ చదువరులారా, జవాబు ఆమె గుండెలోనే యున్నది.

గుండె మన పిడికిలియంత. దానిలో నాలుగు గదులు: పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు. కుడి గదులు శరీరమునుండి తిరిగి వచ్చిన రక్తమును ఊపిరితిత్తులకు పంపును. అక్కడ ప్రాణవాయువు నింపుకొని వచ్చిన రక్తమును ఎడమ గదులు తలనుండి పాదములవరకు పంపును. మన పొచ్చెర వద్ద దూకిన నీరు మరల పైకెక్కనట్లు, కవాటము దాటిన రక్తము వెనుకకు రాదు. రక్తము ఇట్లు చుట్టి తిరుగుచున్నదని 1628లో విలియం హార్వే అను ఇంగ్లాండు వైద్యుడు గ్రంథము వ్రాసి చూపెను. మనము ఊరక కూర్చున్నప్పుడు సైతము గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్లు పంపుచున్నది.

అయితే ఇంత రక్తము తన గదులలో పారుచున్నను, గుండె దానిని అక్కడనే త్రాగలేదు. దాని కండరపు గోడ దళసరిది. మిక్కిలి పలుచని లోపలి పొరకు తప్ప ఆ రక్తము అందదు. ఎడమ జఠరికనుండి బయలుదేరు బృహద్ధమని మొదటనే రెండు సన్నని కొమ్మలు చీలి, గుండె గోడకే మరలి వచ్చి దానిని పోషించుచున్నవి. మెదడుకన్న ముందు, చేతులకన్న ముందు, మొదటి కొమ్మ గుండెదే! అది తీసికొనునది ఇరువదింట ఒక పాలు మాత్రమే. ఆ కొమ్మ మూసుకొనినయెడల గుండెపోటు వచ్చును. అప్పుడు శరీరమంతయు ఆకలిగొనును.

కాబట్టి తక్కిన పందొమ్మిది పాళ్లు ఇచ్చుటకై ఒక్క పాలు తీసికొనుట స్వార్థము కాదు.

మరియొక సంగతి. ఒక్కొక్క స్పందనము సుమారు 0.8 సెకను. అందులో జఠరికలు బిగియునది 0.3, సడలునది 0.5. బిగిసినప్పుడు ఎడమ గోడలోని నాళములు నొక్కుకొనును; సడలినప్పుడే వానికి రక్తము బాగుగా అందును. విశ్రాంతియే గుండెకు భోజనవేళ.

ఇది వ్రాయుచు నేనే సిగ్గుపడుచున్నాను. ఒక దినము మూడు ఊళ్లలో వాక్యము చెప్పి ఇల్లు చేరి, ఆ దినము ఏకాంతముగా ఒక్కసారియైనను మోకరింపలేదని గుర్తించితిని. నా నోట పారిన వాక్యమే నన్ను పోషించుననుకొంటిని. గదులు నిండియుండెను, గోడ ఎండియుండెను. రోగులు గుమిగూడిన సాయంకాలము గడువగా, మన ప్రభువే మరునాడు వేకువను ఏకాంత ప్రార్థనకు వెళ్లెనని మార్కు సువార్త మొదటి అధ్యాయము తెలుపుచున్నది.

ఆ తల్లి యింటికి వెళ్లి ఇదంతయు చెప్పితిని. "అమ్మా, నాలుగు ముద్దలు తిని వడ్డించు" అంటిని. ఆమె నవ్వి, "మరి మీరు ప్రార్థన చేసుకొనే వచ్చిన్రా అయ్యగారూ?" అనెను.

ఇంటివారలారా, ఒక పూటయైనను ఆమెకు మీరే వడ్డించుడి. సేవకులారా, పెద్దలారా, మన మొదటి కొమ్మ తెరచియున్నదో లేదో నేడే చూచుకొందము.