పుదుమండపం ఎవరిది?

మధుర మీనాక్షమ్మ గుడి మాట వస్తే చాలు, మన రాజపాళయం వాళ్లు "అంతా మనవాళ్లు కట్టించిందే గదా" అంటారు. అంతా అనకూడదు. పాండ్యుల పని అక్కడ చాలా ఉంది. కాని తూర్పు గోపురానికి ఎదురుగా, వీధికి అవతల ఉన్న పుదుమండపం మాత్రం తిరుమల నాయకుడిదే. 1623 నుంచి 1659 దాకా ఏలిన ఆ తెలుగు రాజు స్వామికి వసంతోత్సవం జరిపించాలని దాన్ని కట్టించాడు. లోపలి స్తంభాల మీద తన వంశపు రాజులను నిలువెత్తున చెక్కించి, ఆ వరసలో తననూ నిలబెట్టుకున్నాడు.

చోళపురంలో బస్సెక్కి, రాజపాళయంలో మారి, శ్రీవిల్లిపుత్తూరు, కల్లుపట్టి, తిరుమంగళం మీదుగా చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు మధుర వెళ్లానో లెక్క లేదు. పుదుమండపంలో కాలు పెట్టకుండా తిరిగొచ్చిన ప్రయాణం లేదు. అయినా ఆ రాజు ముఖం నేను ఎన్నడూ సరిగా చూడలేదు. మాకు అక్కడ ఆయనతో పని లేదు మరి. పంచాంగాలు, బడి పుస్తకాలు, గాజులు, ఇత్తడి సామాను, అన్నిటికంటే ముఖ్యంగా దర్జీలు. స్తంభాల సందుల్లో కుట్టుమిషన్లు వరసగా ఆడుతుండేవి. యాళి నోటికి తాడు కట్టి రవికెలు వేలాడదీసేవారు. చైత్రోత్సవంలో అళగరు మొక్కు తీర్చుకునేవాళ్లు వేసుకునే బట్టలు అక్కడే కుట్టించుకునేవారు. కుట్టేవాళ్లలో హిందువులూ ఉండేవారు, ముస్లిములూ ఉండేవారు. మూడు వందల దాకా కొట్లు ఉండేవి. మా అవ్వకు అది మండపం కాదు, సంత. "సంతలో ఒక చుట్టు చుట్టి వద్దాం రా" అనేది.

2018 ఫిబ్రవరి 2 రాత్రి గుడి లోపల వీరవసంతరాయ మండపం అంటుకుంది. దుకాణాలు కాలిపోయాయి, రాతి కప్పు కూలింది. ఆలయాల్లో ఇక దుకాణాలు ఉండకూడదని ప్రభుత్వం అన్నది. వ్యాపారులు కోర్టుకెక్కారు. ఆ తర్వాతి సంవత్సరాలలో పుదుమండపం కొట్లు కూడా ఖాళీ అయి, పక్కనే కున్నత్తూర్ సత్రం ఉండిన చోట నగరపాలక సంస్థ కట్టిన కొత్త భవనానికి మారాయి.

ఖాళీ అయిన మండపాన్ని వీధిలో నుంచి మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషమే కలిగింది. దాచడం దేనికి? నాలుగు వందల ఏళ్ల రాయికి మేకులు దిగగొట్టి, కరెంటు తీగలు చుట్టి, నూనె మసి పట్టించాం. ఎక్కడో ఒక తీగ రాజుకుంటే ఏమవుతుందో 2018లో చూశాం గదా. అద్దె కట్టినంత మాత్రాన దేవుడి చోటు సొంతమైపోదు. కనుక తీసేయడం తప్పు అని నేను అనను.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మంచి పనే అనుకుందాం, దాని ఖర్చు ఎవరు భరించారు? కొత్త భవనంలో మాకు ఎరిగిన దర్జీని వెతికి పట్టుకున్నాను. ఆయన ఎవరినీ తిట్టలేదు. "అక్కడ ఉన్నప్పుడు మేము ఎవరినీ పిలవలేదు. గుడికి వచ్చినవాళ్ల కాళ్లే వాళ్లను తెచ్చేవి. ఇక్కడికి వెతుక్కుని రావాలి" అన్నాడు, తమిళంలో. గోడలు ఇచ్చారు, తాళం ఇచ్చారు. కాళ్లను ఎవరూ ఇవ్వలేరు.

ఊళ్లు పాతదాన్ని ఎప్పుడూ కాపాడుకుంటూనే రాలేదన్నది కూడా నిజం. తిరుమల నాయకుడి మహలులో చాలా భాగాన్ని ఆయన మనుమడు చొక్కనాథుడే విప్పించి తిరుచిరాపల్లికి తరలించాడు. 1840లలో కలెక్టరు బ్లాక్‌బర్న్ మధుర కోటగోడ పడగొట్టించాడు. గోడ విరిచి అగడ్త పూడ్చినవాళ్లకు ఆ స్థలమే ఇచ్చాడు. ఆ పని చేయించిన సర్వేయరు పేరున మారెట్ వీధి, మేస్త్రి పేరున పెరుమాళ్ మేస్త్రి వీధి ఈనాటికీ ఉన్నాయి. పడగొట్టినవాళ్ల పేర్లు వీధులకు ఉన్నాయి. ఇన్ని తరాలు మండపంలో కూర్చుని కుట్టినవాడి పేరు ఏ పలక మీదా లేదు.

పూర్తిగా కాపాడితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అమెరికా దాకా పోవాలి. 1912లో మధురకు వచ్చిన ఒక అమెరికా ఆమె కొన్న మదనగోపాలస్వామి గుడి స్తంభాలు, 1919లో ఆమె కుటుంబం దానం చేయగా ఫిలడెల్ఫియా మ్యూజియానికి చేరాయి. మసి లేదు, మేకు లేదు. కొట్టూ లేదు, పూజా లేదు. ఆ స్తంభాలకు ఏ లోటూ జరగలేదు గాని, వాటి కింద నిలబడి ఎవరూ గాజులు బేరమాడరు.

ఇక్కడ మన తెలుగు గుర్తుకు రావడం సహజం. వాడుకలో ఉంటేనే బతుకుతుంది, మండపమూ అంతే అని ఒక మిత్రుడు వాదించాడు. వినడానికి బాగుంది, కాని సరికాదు. రాయి వాడితే అరుగుతుంది. భాష వాడకపోతే అరుగుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడినందుకు ఎవరి నోటి నుంచీ తెలుగు తగ్గిపోదు. మండపానికి మేకు కొడితే పెళ్ల రాలుతుంది. కాబట్టి ఆ పోలికతో దర్జీని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టలేము.

మరి ఏ పోలిక కుదురుతుంది? మన ఊళ్లోనే ఉంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి. ఎస్. కుమారస్వామి రాజా తన ఇంటిని గాంధీ కళా మందిరానికి ఇచ్చేశారు. ఆ ఇల్లు నిలిచింది, పేరూ నిలిచింది. అక్కడ పోగొట్టుకున్నవాడూ పేరు పొందినవాడూ ఒకరే. పుదుమండపంలో అలా కాదు. పోగొట్టుకున్నది దర్జీ, గర్వపడేది మధుర నగరం, దూరాన ఉండి "మనవాడు కట్టించాడు" అనే నేను. నా గర్వానికి ఆయన అద్దె కడుతున్నాడన్నమాట.

పెద్ద కోరికలేమీ కోరడం లేదు. గుడికి కావలసిన బట్టల కుట్టుపని ఆ మూడు వందల కొట్లలోని దర్జీలకే ముందు చెందేలా చూడవచ్చు. మండపం ముందు, వాళ్లు ఇక్కడ ఉండేవారని, ఇప్పుడు ఫలానా చోట ఉన్నారని ఒక పలక పెట్టవచ్చు. తిరుమల నాయకుడు తన బొమ్మనే చెక్కించుకున్నాడు. ఒక పలక అంటే ఎంత పని?

ఆ రోజు నాకు కుట్టించుకోవలసిందేమీ లేదు. ఒక సంచికి సరిపడే గుడ్డ కొని ఆయనకు ఇచ్చాను. తీసుకోవడానికి వచ్చే నెల మళ్లీ వెళ్లాలి.