ప్రమాణము లేని ధైర్యము

భయము మూఢత్వమునకు గుర్తనియు, ధైర్యము జ్ఞానమునకు గుర్తనియు మనలో పెక్కుమంది తలంతురు. తోకచుక్క పొడచూపిన దేశమునకు కీడు మూడుననియు, చుక్క రాలిన నెవ్వరో పెద్దవారు గతించుదురనియు నమ్మినవారి సంతతివారము మనము. ఆ నమ్మకములను విడిచితిమి గనుక వివేకవంతులమైతిమని సంతసించుచున్నాము. కాని విడిచిన భయమునకు మారుగా మనము సంపాదించిన ధైర్యము దేనిపై నిలిచియున్నది? ఈ ప్రశ్న మాకు గ్రంథములను చదువుటచే గలిగినది కాదు; మా తరగతిలో మేము చేసిన తప్పు మూలమున గలిగినది.

2025 ఫిబ్రవరిలో నొకనాడు ఏలూరిలో మేము పాఠము చెప్పుచుండగా, కొల్లేటి లంకనుండి వచ్చి చదువుకొనుచున్న బాలుడొకడు లేచి, "మేష్టారండీ, 2032లో ఆకాశంలోంచి పెద్ద రాయి పడుద్దంటండీ. మన దేశం మీదా పడొచ్చంట. నిజమేనాండీ?" అని యడిగెను. మేము నవ్వితిమి. "ఏమీ పడదు, కూర్చో" అని చెప్పి, 1979 జూలైలో స్కైలాబు పడునన్న వదంతికి మన పల్లెలలో జనులు పడిన పాట్లను మా పెద్దలవలన విన్నవి విన్నట్లు వర్ణించితిమి. ఎటులనైన చత్తుము గదా యని కోళ్లను మేకలను కోసికొని తిన్నవారి కథ చెప్పితిమి. తుద కా యంత్రశకలములు హిందూమహాసముద్రములోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడెనని ముగించితిమి. తరగతియంతయు నవ్వెను. బాలుడు తల వంచుకొని కూర్చుండెను.

కొన్ని దినములకు ఆ రాయి భూమిని తాకదని పత్రికలలో వచ్చినది. "మేష్టారు ముందే చెప్పారు" అని పిల్లలు మమ్ము మెచ్చుకొనిరి. ఆ మెప్పు మాకు సిగ్గు కలిగించినది. ఏలన, మేము చెప్పిననాడు మాకేమియు తెలియదు.

ఆ రాయి పేరు 2024 వై.ఆర్.4. చిలీ దేశమునందలి అట్లాస్ దూరదర్శిని దానిని 2024 డిసెంబరు 27న కనుగొన్నది. అది సుమారు 60 మీటర్ల వెడల్పుగల శిల. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకు సంభావ్యత జనవరి నెలాఖరునకు నూటికి ఒకటి దాటెను; ఫిబ్రవరి 18న నూటికి 3.1 అయ్యెను, పిమ్మట వారము తిరుగకమునుపే లెక్కింపదగనంత స్వల్పమయ్యెను. తాకినచో తాకదగిన ప్రదేశములు తూర్పు పసిఫికు మొదలుకొని దక్షిణ అమెరికా, ఆఫ్రికాల మీదుగా దక్షిణాసియావరకు వ్యాపించియుండెను. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్కుపై గాలిలో బ్రద్దలైన శిల వెడల్పు ఇరువది మీటర్లే. దాని తాకిడికి పగిలిన అద్దములు మొదలగువానిచే గాయపడినవారు సుమారు 1,500 మంది. కావున మా విద్యార్థి యడిగినది వదంతి గాదు. ఎక్కడనో చదివి, ఉన్నదున్నట్లుగనే యడిగెను. వదంతి చెప్పినవారము మేము.

పొగను జూచి నిప్పు నూహించుట అనుమానప్రమాణమునకు మన తార్కికులు చెప్పు ప్రసిద్ధోదాహరణము. మాఘమాసపు వేకువను కొల్లేటిపై మంచు లేచుచుండగా, గట్టుపై నిలిచినవాడొకడు దానిని పొగ యని భ్రమించి, "ఆ లంకలో నిప్పున్నది" అనెననుకొందము. అదే సమయమున ఆ లంకలో నొక యిల్లాలు నిజముగనే పొయ్యి రాజేసియుండెననుకొందము. వాని మాట నిజమే. కాని వానికి గలిగినది జ్ఞానమా? మంచు కారణముగా బుట్టిన యూహ యొకనాడు నిజమై పది దినములు అబద్ధమగును. స్కైలాబునాటి గ్రామస్థులు కొలత లేక భయపడిరి. మేము కొలత లేక ధైర్యపడితిమి. ఈ రెండును ఒక చెట్టు కొమ్మలే. వారు చదువురానివారు, వారికి క్షమ గలదు. ప్రమాణశాస్త్రము చదివితిమని చెప్పుకొను మాకేది?

"మొదట నూటికొకటనిరి, పిమ్మట మూడనిరి, తుదకు లేదనిరి, శాస్త్రజ్ఞుల మాటకు నిలుకడ యేది?" అని కొందరాక్షేపింతురు. బడిలో జరుగు సంగతితో దీనిని పోల్చి చూతము. నలువదిమంది పిల్లలున్న తరగతిలో నొక కలము పోయినది. ఒక్కొక్కనిపై ననుమానము నలువదింట నొక వంతు. ఆ వేళ గదిలో లేని యిరువదిమందిని తీసివేసితిమి; మిగిలినవారిపై ననుమానము ఇరువదింట నొక వంతయ్యెను. విచారింపగా పదిమంది మిగిలిరి. ఇప్పుడు పదింట నొక వంతు. తుదకు కలము వేరొకని సంచిలో దొరకెను. ఆ పదిమందిలో మిగిలిన నిరపరాధులపై ననుమానము ఒక్కమారుగా సున్నయయ్యెను. వారిపై ననుమానము పెరిగినది వారు దోషులగుటచేత గాదు, విచారణ ముందునకు సాగుటచేత. రాయి పోగల త్రోవల సంగతియు నిట్టిదే. కొలతలు పెరిగినకొలది ఆ త్రోవల పట్టీ సన్నగిల్లును; భూమి యింకను ఆ పట్టీలో నుండిన నంతకాలము దాని వంతు పెరుగుచునే యుండును; పట్టీ భూమిని దాటి తొలగినప్పుడు వంతు మాయమగును. నూటికి మూడనినవాడు ఆనాడు నిజమే చెప్పెను.

అయినను నిశ్చయము తెలియువరకు మౌనముగా నుండి జనులను కలతనుండి కాపాడరాదా యని యడుగవచ్చును. కూడదని మా యభిప్రాయము. సగము తెలిసినదానిని సగము తెలిసినదిగానే చెప్పుట సత్యమునకు భంగము గాదు. దానిని పూర్తిగా తెలిసినట్లు చెప్పుటయు, ఏమియు లేనట్లు దాచుటయు భంగములు. అదియు గాక, ఆ మాట వెలువడుటచేతనే అనేకదేశముల దూరదర్శినులు ఆ శిలవైపు తిరిగినవి. దాచినచో కొలుచువారును తగ్గియుందురు.

ఈ పని యొక్కరి కన్నులతో నగునది గాదు. ఒకచోట రాత్రియైన మరియొకచోట పగలు. ఒకచోట మబ్బు, వేరొకచోట వెన్నెల. లడఖులోని హాన్లే వద్ద 70 సెంటీమీటర్ల అద్దముగల మన దూరదర్శిని యొకటి భూమికి చేరువగా వచ్చు శిలలను వెంబడించుచున్నది. ఎల్లవారి కొలతలును అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమందలి కేంద్రమునకు జేరును. వానిని దీసికొని కాలిఫోర్నియాలో నొకరు, ఇటలీలో నొకరు వేర్వేరుగా గణించి ఫలితములను సరిచూచుకొందురు. తన లెక్కను పరుడు దిద్దుటకు సమ్మతించుటయే యిందలి నీతి.

మన తెలుగుదేశమునకు ఇది క్రొత్త గాదు. 1901లో నవాబు జఫర్‌జంగు హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాల, 1887లో ప్యారిసున నారంభమైన ఆకాశపటమను మహాకార్యములో జేరెను. పదునెనిమిదికి మించిన వేధశాలలు ఆకాశమును పంచుకొనగా, నొక వంతు హైదరాబాదువారికి వచ్చినది. అచ్చటివారు ఏండ్లతరబడి ఛాయాచిత్రములు తీసి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను గొలిచి పండ్రెండు సంపుటములుగా ప్రకటించిరి. 2000లో వెలువడిన టైకో-2 అను నక్షత్రపట్టికకు, చుక్కల మెల్లని చలనమును తెలియుటకై, ఆ పాత కొలతలే యుపకరించినవి. కొలిచినవారు ఆ ఫలమును చూడలేదు. చూడమని యెరిగియే కొలిచిరి.

"కొల్లేటికి వరద వచ్చుచుండగా ఆకాశపు రాళ్లతో మనకేమి పని?" యను ప్రశ్న మిగిలియున్నది. ఇది త్రోసిపుచ్చదగినది గాదు. 2004 డిసెంబరు 27న అపోఫిస్ అను శిల 2029లో భూమిని తాకు సంభావ్యత నూటికి 2.7 వరకు పెరిగెను. ఆనాడే, మార్చిలో తీసిన పాత చిత్రములలో దాని జాడ దొరకుటచే, 2029 భయము తొలగెను. అది 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల యెత్తున దాటిపోవును. కాని దానికి ముందునాడే, డిసెంబరు 26న, సుమత్రావద్ద బుట్టిన సునామీ మన తీరమును గొట్టినది. ఆ కెరటము వచ్చుటకు రెండు గంటలకు మించిన వ్యవధి యుండెను; చెప్పువారు లేకపోయిరి. ఇరువదియైదేండ్ల తరువాతి యాపదకు కావలి గలదు, రెండు గంటల తరువాతి యాపదకు లేదు! 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరికల కేంద్రము వెలసినది. దీనివలన ఆకాశపు కావలి వ్యర్థమని తేలదు. కావలి మరియొక దిక్కునకు గూడ చాలలేదని తేలును. ఇక బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో పడుననియు, ఉప్పుటేరొక్కటియే ఆ నీటిని సముద్రమునకు జేర్చుననియు ఎరిగియు, సరస్సు గర్భమున చేపల చెరువులకు గట్లు పోసినవారము. 2006లో వానిని కొట్టివేయవలసి వచ్చినది. కొలిచి తెలిసికొనుట ధర్మములో సగము మాత్రమే. తెలిసినదానికి లోబడుట తక్కిన సగము.

మరునాడు తరగతిలో మేము మా తప్పు నొప్పుకొని, ఆ బాలుని పేరు పెట్టి పిలిచి, "నీవడిగినది మంచి ప్రశ్న, నాకు తెలియదని చెప్పవలసినవాడను, చెప్పలేదు" అంటిమి. నీవు భయపడితివా యని యడిగితిమి. "లేదండీ. వానలప్పుడు మా తాత రోజూ రేవులో కర్రమీద నీరెంతుందో చూస్తాడండీ. ఇదీ ఎంతుందో అని అడిగానండీ" అనెను.

ఎంత యని యడుగువానిని పిరికివాడని నవ్వరాదు. కర్రను చూడక "ఏమీ రాదు" అని నిద్రించువానిని ధీరుడని పొగడరాదు. ఆ యింటి ముసలివాడు ప్రతిదినము చేయుచున్న పనిని, చదువుకొన్న మేము ఒక్కనాడు చేయకపోతిమి.